సర్, బయటికి చూడండి: నౌకాదళ శిక్షకులకు విజయవాడ నుంచి ఒక బహిరంగ లేఖ

ఎళిమల నౌకాదళ అకాడమీ కమాండెంట్ గారికి, కొచ్చిలోని దక్షిణ నౌకాదళ కమాండ్‌లో శిక్షణ వ్యవహారాలు చూసే అధికారులందరికీ,

నమస్కారం.

మా రోజుల్లో నావికుడు అధికారికి రాసేది ఒక్కటే, అర్జీ. సెలవు కావాలనో, బదిలీ కావాలనో, క్వార్టర్సు రాలేదనో రాసి, కింద వినయంగా సంతకం చేసి, టోపీ సర్దుకుని గది బయట నిలబడేవాళ్లం. ఇది అర్జీ కాదు. మీ నుంచి నాకు రావలసిందేమీ లేదు. పింఛను నెలనెలా పడుతోంది. 1984లో చిల్కా నావికుల శిక్షణ కేంద్రంలో కట్టిన బూట్లు 2016లో విప్పాను. ఆ 32 ఏళ్లలో ఎక్కువ భాగం రాడార్ ముందు, చార్టు బల్ల పక్కన గడిచింది. నావిగేటింగ్ ఆఫీసరుకు యోమన్‌గా చాలాకాలం పనిచేశాను. అంటే ఏమిట్రా అని మా అమ్మ అడిగితే "సముద్రం పటాలు దిద్దే గుమాస్తాని" అని చెప్పేవాణ్ణి. అబద్ధం కూడా కాదు. డెహ్రాడూన్‌లోని జలమాపన కార్యాలయం నుంచి పక్షానికోసారి దిద్దుబాట్లు వచ్చేవి. కొత్తగా మునిగిన ఓడ, మారిన దీపం, చోటు మారిన బోయా (దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తు), అన్నిటినీ సన్న కలంతో చార్టుల మీదికి ఎక్కించాలి. సముద్రం వాసనే తగలని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని దిద్దుతారని మేము నవ్వుకునేవాళ్లం గాని, వాళ్ల మాట తప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

ఇప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటున్నాను. ఎస్‌.ఎస్‌.బి. (సేనల్లో అధికారులను ఎంపిక చేసే బోర్డు)కి వెళ్లే పిల్లలు నలుగురైదుగురు సాయంత్రాలు మా డాబా మీదికి వస్తారు. ఫీజు లేదు, టీ మాత్రం మా ఆవిడ పెడుతుంది. ఈ పిల్లల గురించి, వీళ్లు మీ చేతుల్లోకి వచ్చాక ఏమవుతారన్న దాని గురించి నాలుగు మాటలు చెప్పాలని కూర్చున్నాను.

ముందు వరద సంగతి చెప్పనివ్వండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇటు గండ్లు పడ్డ బుడమేరు. కింది ఇళ్లవాళ్లంతా మేడలెక్కారు. మూడో రోజు మా వీధికి ఒక పడవ వచ్చింది. ఏ విభాగానిదో చెప్పను. వచ్చినవాళ్లు మంచివాళ్లే, నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నారు. ముందు కూర్చున్న కుర్రవాడి చేతిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోను, ఫోనులో మ్యాపు. మ్యాపులో మా రోడ్డు తిన్నగా, నున్నగా ఉంది. నీళ్ల కింద ఉన్న రోడ్డు వేరు. మలుపులో మూతలేని మురుగుకాల్వ ఉంది, దాని అంచున ఎవరిదో ఆటో బోల్తాపడి ఉంది. ఎదురు మేడ మీద నుంచి పాలు పోసే అబ్బాయి "అన్నా, అటు కాదు, గోడ వారగా రండి" అని గొంతు చించుకుంటున్నాడు. ఫోను పట్టుకున్న కుర్రవాడు తల ఎత్తలేదు. ఇంజను పంకా ఆటో రేకులో చిక్కుకుంది. దాన్ని విడిపించుకోవడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా పక్క మేడ మీద పసిబిడ్డ ఏడుపు అందరికీ వినబడుతూనే ఉంది.

మర్నాడు ఇంకో పడవ వచ్చింది. ముందున్న యువకుడు వీధి మొదట్లోనే ఇంజను ఆపించి, మేడల వైపు తలెత్తి, "ఇక్కడ కాల్వ ఎక్కడుందండీ?" అని అడిగాడు. అంతే. పాలబ్బాయి పిట్టగోడ దిగి పడవలోకి దూకాడు. వెదురుకర్రతో లోతు చూస్తూ వీధి చివరి దాకా తీసుకెళ్లాడు.

అదే వారం మా తలల మీద నౌకాదళ హెలికాప్టర్లు తిరిగాయి, ఆహారం పొట్లాలు జారవిడిచాయి. డ్రోన్లు కూడా మేడల మీదికి పొట్లాలు మోసుకొచ్చాయి. పిల్లలు హెలికాప్టర్‌ను చూసి చేతులు ఊపారు, డ్రోన్‌ను మాత్రం నోరు తెరుచుకుని చూశారు. నేను చేసి వచ్చిన ఉద్యోగమూ, వాళ్లు చేయబోయే ఉద్యోగమూ ఒకే ఆకాశంలో కనబడ్డాయి. కాని నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ రెండో పడవ. ఆ కుర్రవాడికి ఆ ప్రశ్న అడగడం ఎవరు నేర్పారో తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

ఇక మా ఊరి పిల్లల సంగతి. విజయవాడ, గుంటూరు మధ్య ఎన్ని ఇంటర్ హాస్టళ్లు ఉన్నాయో మీకు తెలియనిది కాదు. పదో తరగతి అయిన పిల్లవాడు అందులోకి వెళ్లి రెండేళ్ల తరువాత ఒక ర్యాంకుతో బయటికి వస్తాడు. ఆ చదువును తీసిపారేయను. మీ ప్లస్ టూ బి.టెక్ ప్రవేశానికి పిలుపు వచ్చేదే జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకును బట్టి కదా. కాబట్టి మా పిల్లలు మీ దగ్గరికి ఇంకా వస్తారు. లెక్కల్లో దిట్టలు, పొద్దున్నే లేస్తారు, చెప్పిన పని చేస్తారు. లోటల్లా ఒక్కటే. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయనీ, అందులో ఒకటి తప్పక సరైనదై ఉంటుందనీ, అది ముందే ఎవరికో తెలిసి ఉంటుందనీ వాళ్ల ఎముకల్లోకి ఎక్కిపోయింది. తెలియకపోతే వదిలేస్తే మైనస్ మార్కు పడదన్న తెలివి కూడా ఎక్కింది. నడిసముద్రంలో రాత్రి రెండు గంటలకు రాడార్ మీద తెలియని చుక్క కనబడినప్పుడు వదిలేయడం కుదరదు.

ఎస్‌.ఎస్‌.బి.లో మొదటి రోజు మసకగా ఉన్న బొమ్మ ఒకటి అర నిమిషం చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో దాని మీద కథ రాయాలి. మా డాబా మీద మొదటిసారి ఇది చేయించినప్పుడు మంచి ర్యాంకు ఉన్న అబ్బాయి ఒకడు కాగితం ఇవ్వకుండా నన్నే అడిగాడు: "మాస్టారూ, దీనికి కరెక్ట్ కథ ఏది?" నవ్వాను గాని ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. వాడు తెలివితక్కువవాడు కాదు. రెండేళ్లుగా వాణ్ణి ఎవరూ "నీకేమనిపిస్తోంది" అని అడగలేదు, అంతే. ఇలాంటివాళ్లకు కథలు బట్టీ పట్టించే శిక్షణ కేంద్రాలు కూడా వెలిశాయి. బట్టీ కథను మీ మనస్తత్వ నిపుణులు ఇట్టే పట్టేస్తారని విన్నాను, సంతోషం. అయితే పట్టుకుని వెనక్కి పంపినవాడికి ఎందుకు పంపారో ఒక్క ముక్క చెప్పరు. "ఎంపిక కాలేదు" అన్న మాటతో రైలెక్కుతాడు. మీ నిబంధన మీకుండవచ్చు గాని, పదిహేడేళ్ల పిల్లవాడికి ఆ ఒక్క ముక్క ఎంత విలువైనదో కాస్త ఆలోచించండి.

సరే, ఎంపికైనవాడి సంగతి చూద్దాం. ఎళిమలలో నాలుగేళ్లు బి.టెక్. సెమిస్టర్లు, ల్యాబ్‌లు, మార్కులు. రాడార్ ముందు బతికినవాణ్ణి, ఇంజనీరింగు అక్కరలేదనేంత మూర్ఖుణ్ణి కాను. నేటి ఓడ కదిలే కంప్యూటర్. కాని పరీక్ష హాలులో పాతుకుపోయిన అలవాటుకు ఇంకో నాలుగేళ్ల పరీక్ష హాలు మందు అవుతుందా? నా భయమంతా అక్కడే.

ఇరవయ్యేళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. శిక్షణ నౌక మీద ఉన్నాను. రాత్రి, తీరానికి చేరువగా వెళ్తున్నాం. చార్టు బల్ల మీద ఎర్ర దీపం, దాని కింద ఒక కేడెట్. పదేసి నిమిషాలకు జి.పి.ఎస్. అంకెలు చూసి, చార్టు మీద చుక్క పెట్టి, పెన్సిలుతో కలుపుతున్నాడు. ముగ్గు వేసినట్టుంది ఆ గీత. నేను పక్కనున్న వసారా లాంటి చోటికి వెళ్లి దీపస్తంభం వెలుగుల మధ్య క్షణాలు లెక్కపెట్టి, అదే దీపమని రూఢి చేసుకుని, దాని బేరింగు, అంటే అది మాకు ఏ దిక్కున ఉందో ఆ కోణం, తీశాను. లోపలికి వచ్చి గీస్తే ఆ గీత కేడెట్ చుక్క మీదుగా పోలేదు. ఫర్లాంగున్నర తేడా. "సర్, బయటికి చూడండి" అన్నాను. ఆయన బయటికి చూడలేదు, జి.పి.ఎస్. పెట్టెకేసి చూశాడు. "చీఫ్, జి.పి.ఎస్. తప్పు చెబుతుందా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

అప్పటికి నావిగేటింగ్ ఆఫీసరు వచ్చి మా వెనక నిలబడ్డారు. చార్టు వైపు ఒక చూపు చూశారు. ఆయనకు సంగతి తెలుసు, నాకూ తెలుసు. నేను నోరు తెరవబోతే వేలు అడ్డంగా ఊపారు. లోతు చాలినంత ఉంది, ప్రమాదం లేదు. అయిదు నిమిషాలు ముగ్గురం అలా నిలబడ్డాం. కేడెట్ మళ్లీ కొలిచాడు, బయటికి వెళ్లాడు, వచ్చాడు, చెమట తుడుచుకున్నాడు. చివరికి చార్టు మూలన చిన్న అక్షరాల్లో అచ్చయిన సూచన మీద చూపు పడింది. ఆ చార్టు పాత సర్వే కొలతల ఆధారంగా గీసినది, ఉపగ్రహం ఇచ్చే స్థానాన్ని ఇంత జరిపి గుర్తించండి అని అందులో ఉంది. పెట్టె అబద్ధం చెప్పలేదు, చార్టూ చెప్పలేదు. రెండూ వేర్వేరు కొలబద్దలు, అంతే. ఆఫీసరు "దిద్దుకో" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. ఆ కేడెట్ తరువాత మంచి నావిగేటర్ అయ్యాడు. నేను మిమ్మల్ని అడగబోయేదంతా ఆ అయిదు నిమిషాలే.

ఇప్పుడు పెట్టె అబద్ధం కూడా చెబుతోంది, కావాలనే చెప్పిస్తున్నారు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో ఇరవై దాకా ఓడల జి.పి.ఎస్.లు అవి నీళ్ల మీద కాక, తీరంలోని ఒక విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. బెంజ్ సర్కిల్‌లో నిలబడినవాడికి ఫోను మంగళగిరిలో ఉన్నావని చెప్పినట్టు. అంత మోటుగా చెప్పింది కాబట్టి నవ్వి సర్దుకున్నారు. అదే ఫర్లాంగు చొప్పున, మెల్లగా పక్కకు తప్పిస్తే? ముగ్గు గీత గీసే కేడెట్ ఓడను రాయి మీదికి చక్కగా, నీటుగా తీసుకెళ్తాడు. అమెరికా నౌకాదళ అకాడమీ నక్షత్రాల లెక్క ఇక ఎందుకని 1990ల చివర ఆపేసి, 2015లో మళ్లీ మొదలుపెట్టింది. వాళ్లకేమీ ఉపగ్రహాలకు కరువు లేదు కదా.

వాళ్ల ఇంకో పాఠం మరీ చేదు. కొత్త అధికారులకు ఓడ నడపడం నేర్పే తరగతులకు ఖర్చెక్కువవుతోందని 2003లో వాటిని ఎత్తేసి, సీడీలు చేతికిచ్చి ఓడ మీదే చదువుకోమన్నారు. 2017లో ఫిట్జ్‌జెరాల్డ్, మెకెయిన్ అనే రెండు యుద్ధనౌకలు రెండు నెలల వ్యవధిలో సరుకు ఓడలను ఢీకొన్నాయి. 17 మంది నావికులు చనిపోయారు. అదంతా సీడీల పాపమే అనను. అలసట, సిబ్బంది కొరత, ఇంకా ఎన్నో బయటపడ్డాయి. మెకెయిన్‌లో చుక్కాని, ఇంజను వేగం తాకే తెరల మీద ఉండేవి. ఏ తెర చేతిలో ఏ అధికారం ఉందో అక్కడున్నవాళ్లకే అర్థం కాలేదు. చుక్కాని పోయిందనుకున్నారు, నిజానికి అది పక్క బల్లకు మారింది. ఆ తరువాత వేగానికి మళ్లీ చేత్తో పట్టుకునే పిడులే పెట్టాలని నిర్ణయించుకున్నారు. ఈ కథ మీ తరగతుల్లో చెప్పే ఉంటారు. చెప్పడం కాదు, ఒక కేడెట్‌ను అర్ధరాత్రి అలాంటి తెర ముందు కూర్చోబెట్టి, అధికారం ఎటు పోయిందో అతనే వెతుక్కునేలా చేయమంటున్నాను.

మన సముద్రమూ మునుపటిది కాదు. 2023 డిసెంబరులో గుజరాత్ తీరానికి దూరంగా కెమ్ ప్లూటో అనే ట్యాంకర్‌ను డ్రోన్ కొట్టింది. 2024 జనవరి 26న, దేశమంతా జెండా ఎగరేస్తున్న రోజున, గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ క్షిపణి దెబ్బకు అంటుకుంది. అందులో 22 మంది మనవాళ్లు, ఒక బంగ్లాదేశీయుడు ఉన్నారు. మన ఐ.ఎన్‌.ఎస్. విశాఖపట్నం నుంచి పది మంది మంటల బృందం ఆ ఓడ మీదికెక్కింది. కింద ఇట్టే అంటుకునే నాఫ్తా, ముందు మంట. ఆరు గంటలు పోరాడి ఆర్పారు. ఆ పది మందిలో ఎవరు ముందు నడవాలి, ఎప్పుడు వెనక్కి లాగాలి అన్నది ఢిల్లీ నుంచి చెప్పే పని కాదు. ఆ మార్చిలోనే ఐ.ఎన్‌.ఎస్. కోల్‌కతా, సముద్రపు దొంగల చేతిలో ఉన్న రూయెన్ ఓడను నలభై గంటలు వెంటాడింది. లోపల ఎవరున్నారో చూడమని పంపిన డ్రోన్‌ను దొంగలు కాల్చేశారు. అంటే కళ్లు పోయాయి. అయినా 35 మంది లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. కళ్లు పోయిన తరువాత ఏం చేశారన్నదే పాఠం.

అవతల, పెద్ద ఓడలంటూ దాదాపు లేని ఉక్రెయిన్, రష్యా నల్లసముద్ర దళానికి తలమానికమైన మాస్క్వాను 2022 ఏప్రిల్‌లో ముంచింది. 2024 ఫిబ్రవరి వచ్చేసరికి మనిషి లేని చిన్న పడవలతో ఇవనోవెత్స్ లాంటి క్షిపణి నౌకలను ముంచుతోంది. మా కాలంలో శత్రువు నౌక దూరాన కనబడితే కెప్టెన్‌ను లేపేంత వ్యవధి ఉండేది. నీళ్లకు ఆనుకుని దూసుకొచ్చే ఆ పడవను చూసిన లెఫ్టినెంటుకు ఆ వ్యవధి ఉండదు. అది జాలర్ల పడవా, చెత్త దుంగా, మృత్యువా అన్నది ఇరవై నాలుగేళ్లవాడు తేల్చుకోవాలి. జాలరి అయితే, కాల్చాక జీవితాంతం మోయాలి.

అందుకే ఒక మాట. మీ కేడెట్లను కొద్ది రోజులైనా జాలర్ల పడవలెక్కించండి. బందరు దగ్గర గిలకలదిండి ఉంది, ఇటు నిజాంపట్నం ఉంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఆ తావుల్లో రాత్రిపూట పడవ దీపం ఎలా ఊగుతుందో, వల లాగేటప్పుడు ఇంజను శబ్దం ఎలా మారుతుందో, ఏ పడవ మనది కాదో సరంగు అరమైలు దూరం నుంచే చెబుతాడు. 2008 నవంబరులో ముంబై మీదికి వచ్చినవాళ్లు కుబేర్ అనే మన జాలర్ల పడవనే పట్టుకుని వచ్చారు. ఏ పడవ తేడాగా ఉందో తెలిసినవాడు నూరు డ్రోన్ల పెట్టు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును జప్తు చేయబోమని పరదేశి వర్తకులకు మాట ఇచ్చింది. ఈ తీరానికి సముద్రం కొత్త కాదు. మా ఇంటర్ పిల్లలకు మాత్రం కొత్త, బందరు డెబ్బై కిలోమీటర్లే అయినా.

ఇక మీకు నచ్చకపోవచ్చుననిపించే మాట. కొత్త సబ్ లెఫ్టినెంటుకు అసలు బడి చీఫ్ మెస్, అంటే అనుభవమున్న పెద్ద నావికులు ఉండే చోటు, అని మనందరికీ తెలుసు, ఎవరూ రాసిపెట్టరు. పదిహేను, ఇరవయ్యేళ్లు ఒకే యంత్రం పక్కన ముసలివాడైన చీఫ్, కుర్ర అధికారి పరువు పోకుండా, చెవిలో "సర్, ఇలా కూడా చూడవచ్చు" అనేవాడు. ఆ అధికారి కొన్నేళ్లకు కమాండర్ అయ్యేవాడు. 2022 నుంచి అగ్నివీరులు వస్తున్నారు. చిల్కా నుంచి 2023 మార్చిలో బయటికి వచ్చిన తొలి జట్టులో 273 మంది అమ్మాయిలు. చూసి నా గుండె ఉప్పొంగింది. కాని నాలుగేళ్లకు నలుగురిలో ముగ్గురు ఇంటికి వెళ్లిపోతారు. అగ్నిపథ్ మంచిదా చెడ్డదా అన్న తగవులోకి దిగను, దానికి వేరే వేదికలున్నాయి. నా లెక్క చిన్నది. మునుపు అధికారి చీఫ్ దగ్గర నేర్చుకునేవాడు. ఇక ముందు, పని చేతికి వచ్చేసరికి పెట్టె సర్దుకునే కుర్రవాళ్లకు అధికారే నేర్పాలి, ఏటా కొత్తగా నేర్పాలి. అధికారి గురువు కావాలి. మీ అకాడమీలో ఆజ్ఞ ఇవ్వడం నేర్పుతారు. ఎదురుగా ఉన్నవాడికి అర్థమయ్యేలా ఒక పని విడమరచి చెప్పడం ఎవరు నేర్పుతున్నారు? మిగిలిన పాత చీఫ్‌లను ఎళిమలకు పిలిపించి, కేడెట్ మీద వాళ్ల అభిప్రాయానికి కూడా మార్కులేయండి. "ఈ అబ్బాయి వింటాడు", "ఈ అమ్మాయి అడుగుతుంది" అన్న రెండు మాటలకు.

వినకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ కేంద్రం నావికులు తిరగబడింది ముందు కూడు గురించి, నోటికొచ్చిన తిట్ల గురించి. మన కాలంలో అంత మొరటు అధికారులు లేరు. ఇప్పటి ప్రమాదం మెత్తగా వస్తుంది. 2019 డిసెంబరులో, సామాజిక మాధ్యమాల్లో పరిచయమైన ఆడపేర్ల వలలో పడి రహస్యాలు చేరవేశారన్న ఆరోపణపై ఏడుగురు నావికులను మా రాష్ట్ర పోలీసులు పట్టుకున్నారు. మా విజయవాడ కోర్టుకే తెచ్చారు. ఆ రోజు వీధిలోకి వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు నిషేధించారు, మంచిదే. కాని ఆ తెర వెనక ఎవరున్నారన్న అనుమానం పుట్టకముందు, మెస్‌లో ఒక కుర్రవాడు నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదన్న సంగతి వాడి డివిజన్ అధికారికి తెలియాలి. అది ఏ యాప్‌లోనూ రాదు. రాత్రి వాచ్‌లో పక్కన నిలబడి ఇంటి సంగతి అడిగితే వస్తుంది.

కొత్త యంత్రాలకు నేను వ్యతిరేకినని ఎవరైనా అంటే 1971 వైపు చూపిస్తాను. ఎక్కువ దూరం పోలేవని, తీరం కాపలాకని కొన్న చిన్న క్షిపణి పడవలు అవి. నిపాత్, నిర్ఘాత్, వీర్. వాటికి తాడు కట్టి లాక్కెళ్లి, డిసెంబరు 4 రాత్రి కరాచీ మీద వదిలారు. రష్యాలో శిక్షణ పొంది వచ్చిన ఆ సిబ్బంది రేడియోలో రష్యన్‌లోనే మాట్లాడుకుంటే, వింటున్నవాడికి ఏమీ అంతుబట్టలేదు. అప్పటికి అంతకంటే కొత్త ఆయుధం మన దగ్గర లేదు. కాని పుస్తకంలో దాని పని తీరం కాపలా అని ఉంది. పుస్తకం పక్కన పెట్టి, ఇలా చేస్తే ఏమవుతుంది అని అడిగినవాళ్లకు పైవాళ్లు నోరు మూయించలేదు. నేటి లెఫ్టినెంటు ఎవరైనా ఇలాంటి పిచ్చి ఆలోచనతో వస్తే, అతని వార్షిక నివేదికలో ఏం రాస్తారో మీరే గుండె మీద చేయి వేసుకుని చెప్పాలి.

విన్యాసాల్లో మన పక్షమే గెలవాలన్న రాయని నియమాన్ని ఎత్తేయండి. శత్రువు పాత్ర ఒక మొండి కుర్రవాడికి ఇచ్చి, చేతనైతే మమ్మల్ని ముంచు అనండి. నెలకొక రాత్రి శిక్షణ నౌకలో చెప్పకుండా జి.పి.ఎస్. తీసేయండి. ఇంకో రాత్రి తీయకండి, దొంగ అంకెలు పెట్టండి. అది మరీ మంచిది. పొరపడిన కేడెట్‌ను నలుగురిలో నవ్వులపాలు చేయకుండా, తన పొరపాటును తనే నిలబడి చెప్పుకునేలా చేయండి. చెప్పుకున్నవాడికి మార్కు కోయవద్దు. అడుగున నీళ్లున్నంత వరకు ఆగండి. ఆ నావిగేటింగ్ ఆఫీసరు ఆగినట్టు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పిల్లలు నలుగురిని పున్నమి ఘాట్‌కు తీసుకెళ్లాను. తలా ఒక చేతి దిక్సూచి, అట్ట, కాగితం. దుర్గమ్మ గుడి గోపురం ఒకటి, అవతలి ఒడ్డున సీతానగరం కొండ ఒకటి, భవానీ ద్వీపం కొన ఒకటి. మూటికీ బేరింగులు తీసి, గీతలు గీసి, మనం ఎక్కడున్నామో చెప్పండి అన్నాను. ముగ్గురి కాగితాల్లో మూడు గీతలూ సూదితో గుచ్చినట్టు ఒకే చుక్కలో కలిశాయి. నాలుగో పిల్ల కాగితంలో అరచేయంత త్రికోణం వచ్చింది. ముగ్గురూ నవ్వారు. మూడు గీతలు ఒకే చుక్కలో కలవడం ఎంత అరుదో మీకు చెప్పనక్కరలేదు. మొదటి రెండు గీతలు కలిసిన చోటికి ముగ్గురూ మూడోదాన్ని లాగేశారు. వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. జవాబు కుదరాలని నేర్పింది మేమే కదా.

ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మాస్టారూ, ఏదో తప్పు చెబుతోంది. ఏదో కనుక్కుని వెళ్దాం" అంది. మళ్లీ కొలిచింది, త్రికోణం తగ్గలేదు. చుట్టూ చూసింది. తను మోచేతులు ఆనించుకున్న రెయిలింగు ఇనుపది. పదిహేను అడుగులు అవతలికి జరిగి మళ్లీ కొలిచింది. త్రికోణం బొటనవేలి గోరంతకు దిగింది, పూర్తిగా పోలేదు. అప్పటికి గోపురం మీద దీపాలు వెలిగాయి. "ఇంతకంటే రాదు. ఈ గోరులోపల ఎక్కడో ఉన్నాం" అని పెన్సిలు జేబులో పెట్టుకుంది. మిగతా ముగ్గురు చుక్క పెట్టిన చోటు నదిలో ఉంది.

ఆమెకు విశాఖపట్నం బోర్డు నుంచి పిలుపు వచ్చింది. సిఫారసు అనుకుంటారని పేరు రాయడం లేదు. ఆమె గురించి నాకు బెంగ లేదు, మీరు ఎలా నేర్పినా నేర్చుకుంటుంది. తక్కిన ముగ్గురూ ర్యాంకుల్లో ఆమెకంటే ముందున్నారు, వచ్చే ఏడు వాళ్లూ వస్తారు. ఈ ఉత్తరం వాళ్ల కోసం రాశాను.

ఇట్లు,
నౌకాదళ విశ్రాంత మాస్టర్ చీఫ్ ఒకరు,
సింగ్‌నగర్, విజయవాడ